మా చిన్నదాని తప్పుల బొంతలు

మా తోటికోడలికి తప్పు చేస్తే దాచుకోవడం చేతకాదు. అంతవరకే అయితే నేనూ సర్దుకుపోదును. నలుగురినీ పిలిచి చూపిస్తే గానీ దానికి తోచదు. బొంత కుడుతూ కుడుతూ ఎక్కడైనా కుట్టు పక్కకి పోయిందనుకోండి, సూది పక్కన పెట్టి, మేడ మెట్ల దగ్గరికొచ్చి, వీధి చివరి మందుల షాపు దాకా వినపడేలా ఒక్క కేక పెడుతుంది.

"అక్కా! తప్పు పడింది! చూద్దువుగాని రా!"

ఆ అక్కను నేనే. అన్నదమ్ములిద్దరినీ చేసుకుని ఒకే ఇంట్లో సర్దుకున్నాం. కింద వాటా మాది, పైవాటా వాళ్ళది. మా అత్తగారికి పడక నా దగ్గర, భోజనం నా దగ్గర, వేళకి మందులు నా దగ్గర. నవ్వులు మాత్రం పైన. ఇంట్లో దాన్ని అందరూ చిన్నది అంటారు. జుట్టు నెరిసింది, కళ్ళజోడు వచ్చింది, అయినా చిన్నదే. నేను మాత్రం ఈ ఇంట్లో కాలుపెట్టిన రోజు నుంచీ పెద్దదాన్నే. ఇందులో నా తప్పేముందో ఎవరూ చెప్పరు.

ముందే చెప్పేస్తున్నాను, నాకు అదంటే కుళ్ళు. చాలా కుళ్ళు. ఈ కథ చెప్పేది నేనే కాబట్టి నా కుళ్ళు కూడా మధ్యమధ్యలో తగులుతూనే ఉంటుంది. ఓపిక పట్టండి.

అసలు దానికి సూదిలో దారం ఎక్కించడం నేర్పింది ఎవరనుకున్నారు? నేను. గుడ్డ కొలవడం, గీత గీయడం, కత్తిరించడం, ముక్కకి ముక్క కలపడం, పైన ముక్కల గుడ్డ, మధ్యలో దూది, కింద అస్తరు పరిచి మూడింటినీ కలిపి కుట్టడం, అన్నీ నేనే నేర్పాను. నా చేతిలో ఎప్పుడూ ఒక స్కేలు ఉంటుంది. అందుకని వీధిలో నాకు స్కేలక్క అని పేరు పెట్టారు. దానికేమో తప్పుల పిన్ని అని. ఆ పేరు పలికేటప్పుడు వాళ్ళ మొహాలు వెలిగిపోతాయి. నా పేరు పలికేటప్పుడు వెన్ను నిటారుగా పెట్టుకుంటారు.

నేర్పేటప్పుడే దానికీ నాకూ తేడా వచ్చింది. మొదటి రోజు అది కుట్టిన వరస పాములా మెలికలు తిరిగింది. నేను చూసి, "ఊడదియ్యి" అన్నాను.

"ఊడదీయను అక్కా" అంది.

"ఎందుకని?"

"ఊడదీస్తే ఏం తప్పు చేశానో మర్చిపోతాను. మళ్ళీ అదే చేస్తాను."

"మరేం చేస్తావు? నెత్తిన పెట్టుకుంటావా?"

అది ఆలోచించింది. పక్కనున్న ముక్కల బుట్టలోంచి చేతికందిన ముక్క ఒకటి తీసి, ఆ మెలిక మీద పెట్టి చుట్టూ కుట్టేసింది. "ఇది గుర్తు. ఇక్కడ నేను గుడ్డను లాగి కుట్టాను. లాగకూడదు. నడవనివ్వాలి." అని, మెట్ల దగ్గరికి పరిగెత్తి అందరినీ పిలిచింది. ఆ రోజు మొదలు. ఇంకా ఆగలేదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. చేసిన తప్పు అది మళ్ళీ చేయదు. ఎప్పటికప్పుడు కొత్తది చేస్తుంది.

గులాబీ రంగు బొంత సంగతి వినండి. కొత్త ఎర్రగుడ్డ, తెల్లగుడ్డ కలిపి అది గళ్ళ బొంత కుట్టింది. చూడ్డానికి బాగానే ఉంది, నేనేమీ కాదనను. ఒక రోజు ఆ బొంత వాషింగ్ మెషిన్లో వేడినీళ్ళతో తిరిగింది. దాంతోపాటు ఇంట్లో మగవాళ్ళ తెల్లచొక్కాలన్నీ తిరిగాయి. మూత తీస్తే లోపల అంతా గులాబీ మయం. నేను ఇంకా నోరు తెరవకముందే మెట్ల మీంచి కేక. "అక్కా! తప్పు పడింది! ఎర్రగుడ్డ నానబెట్టకుండా కుట్టేశానే! చూద్దువుగాని రా!" వీధి వీధంతా వచ్చి మా పెరట్లో దండెం మీది గులాబీ చొక్కాలు చూసి వెళ్ళారు.

మా ఆయన ఆ చొక్కా వేసుకునే ఆఫీసుకెళ్ళారు, వేరేది లేక. సాయంత్రం ఈల వేసుకుంటూ వచ్చారు. "ఆఫీసులో అందరూ పదేళ్ళు తగ్గినట్టున్నారు అన్నారే!" అన్నారు. ఆ చొక్కా చిరిగేదాకా వేసుకున్నారు. ఇన్నేళ్ళు నేను గంజి పెట్టి, మడత నలగకుండా ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలు వేసుకుని వెళ్తే ఒక్కరంటే ఒక్కరు ఒక్క మాట అన్నారా? నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

తరవాత దూది జారిన బొంత. దూది ఎక్కువ పెట్టి కుట్లు దూరం దూరంగా వేస్తే ఏమవుతుంది? దూదంతా ఒక పక్కకి జారుతుంది. జారింది. పై సగం దుప్పటిలా, కింది సగం పరుపులా తయారైంది. కేక. జనం. పక్కింటి రిటైరైన పోస్టుమాస్టరుగారు కూడా వచ్చారు. ఆయన ఆ బొంతను అటు తిప్పి ఇటు తిప్పి, "అమ్మాయ్, ఇది నాకిచ్చెయ్యి. నాకు కాళ్ళే చలి. తల దగ్గర ఉక్క" అన్నారు.

ఆయన హాయిగా పడుకున్నారట. ఆ సంగతి ఆయన ఈడు వాళ్ళందరికీ చెప్పారు. నెల తిరక్కుండా వీధిలోని పెద్దవాళ్ళంతా "కాళ్ళ బొంత" కావాలని మేడ మెట్లెక్కడం మొదలుపెట్టారు. చిన్నదేమో, "కుట్లు దగ్గరగా వేయాలని ఇప్పుడే నేర్చుకున్నాను బాబాయిగారూ, మళ్ళీ దూరంగా వేయమంటే చెయ్యి రావట్లేదు" అని నొచ్చుకుంటూ వాళ్ళకి కాళ్ళ వైపు విడిగా రెండో పొర పెట్టి కుట్టిచ్చింది. నేను కుట్టే బొంతల్లో దూది తల నుంచి కాళ్ళ దాకా ఒకే మందంలో ఉంటుంది. అది ఎవరికీ పట్టలేదు.

ఇక శాలువా సంగతి. మా అత్తగారు మధ్యాహ్నం పూట పైన చిన్నదాని పక్కనే మంచం మీద కూర్చుని కునుకు తీస్తారు. అది మాటల్లో పడి, ఒళ్ళో ఉన్న బొంతతోపాటు ఆవిడ కప్పుకున్న శాలువా చెంగు కూడా కలిపి కుట్టేసింది. ఆవిడ నిద్రలేచి గబగబా నడిచారు. వెనకాలే బొంత, బొంత వెనకాల దారపు ఉండ, దాని వెనకాల కత్తెర, అన్నీ బయల్దేరాయి. మెట్ల దాకా ఊరేగింపు వెళ్ళాక గానీ ఆవిడకి తెలియలేదు.

"ఏమే చిన్నదానా, నన్ను కూడా బొంతలో కలిపేస్తావా?"

"అత్తయ్యా, కదలకండి! అలాగే ఉండండి! అక్కా, తప్పు పడింది! అత్తయ్య పడింది! రా, రా!"

ఇద్దరూ మెట్ల మీదే కూలబడి కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వారు. అదే నేను ఆవిడ శాలువా కుట్టేసి ఉంటేనా! నేను కుట్టను అనుకోండి. నాకు కుట్టే గుడ్డ కింద అట్టముక్క పెట్టుకోవడం మొదటి నుంచీ అలవాటు. అట్టముక్క పెట్టుకునేవాళ్ళ పక్కన కూర్చుని ఎవరూ నవ్వరు, అదే నా బాధ.

వీధి మొదట్లో లైబ్రరీ ఉంది. ఆ హాల్లో ఒకసారి చేతిపనుల ప్రదర్శన పెట్టారు. నా బొంతను సరిగ్గా మధ్యలో, దీపం కింద వేలాడదీశారు. దాని బొంతను తలుపు వెనకాల. నాకు ప్రాణం లేచొచ్చింది. మంచి గుడ్డలు కట్టుకుని వెళ్ళి నా బొంత పక్కన నిలబడ్డాను. జనమంతా తలుపు వెనకాల. "ఈ ముక్కేంటమ్మా? ఇదేం తప్పు? ఆహా, మరి ఇది?" అని ఒకటే అడగడం. అది ఒక్కో అతుకు మీద వేలు పెట్టి ఒక్కో కథ చెప్పడం. నా దగ్గరికి చివరికి ఒకావిడ వచ్చింది. కళ్ళజోడు సర్దుకుని నా బొంతను దగ్గరగా చూసింది. వెనక్కి తిప్పి చూసింది.

"చాలా బాగుందండీ" అంది. "ఏ షాపులో కొన్నారు?"

నేను ఆ రోజు ఇంటికెలా వచ్చానో నాకే తెలియదు.

పోనీ నేర్పడంలోనైనా నేనే పైచేయి అనుకుందామా? ఆడవాళ్ళు కొందరు నేర్చుకుంటామని వస్తే, కింద హాల్లో నేను క్లాసు పెట్టాను. స్కూలు టీచరమ్మ ఒకావిడ బుద్ధిగా వచ్చేది. ఆవిడ కుట్టిన వరస నేను ఊడదీయించాను. మళ్ళీ కుట్టింది. మళ్ళీ ఊడదీయించాను. మళ్ళీ కుట్టింది. ఈసారి చాలా నయం. ఊడదీయించాను. మర్నాడు ఆవిడ చెప్పులు మేడ మెట్ల దగ్గర కనపడ్డాయి. మెల్లగా మిగతా చెప్పులూ అక్కడికే చేరాయి. ఒక రోజు హాల్లో నేనూ నా స్కేలూ మిగిలాం. పైనుంచి టీచరమ్మ గొంతు వినపడింది, ఖంగుమని. "అక్కా! తప్పు పడింది!" తరగతి పిల్లల్ని నోరెత్తనివ్వని మనిషి! మిగతావాళ్ళంతా చప్పట్లు.

ఇంతకీ నా పెద్ద భయం ఇంకొకటి. ఒక రోజు చిన్నది బజారుకెళ్ళినప్పుడు పైకి వెళ్ళి, అది కుడుతున్న బొంత మీద నా స్కేలు పెట్టి చూశాను. కుట్టు కుట్టుకీ ఎడం ఒకటే. వరసలు గీత గీసినట్టున్నాయి. వెనక్కి తిప్పాను. వెనకా అంతే. మూలలు కలిసిన చోట ఒక్క వెంట్రుక వాసి కూడా తేడా లేదు. అన్ని తప్పులు చేసి, చేసినవి మళ్ళీ చేయకుండా చేయకుండా, చివరికి చేయడానికి తప్పులు మిగల్లేదు దానికి. నేను మొదటి నుంచీ తప్పు చేయలేదు కాబట్టి మొదటి రోజు ఎక్కడున్నానో ఇప్పుడూ అక్కడే ఉన్నాను. స్కేలు తీసుకుని చప్పుడు కాకుండా కిందికొచ్చేశాను. ఆ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మీరూ చెప్పకండి.

ఇదిలా ఉండగా మా అమ్మాయి కడుపుతో ఉంది. అది ఉండేది ఈ ఊళ్ళోనే, రెండు బస్సులు మారితే వాళ్ళిల్లు. ప్రతి ఆదివారం వస్తుంది, ఆ ఆదివారమూ వచ్చింది. అందరం కింద హాల్లో కూర్చున్నాం. నేను టీ పోస్తున్నాను. మనసులో బొంత ఎప్పుడో మొదలుపెట్టేశాను. లేతాకుపచ్చ, తెలుపు, చిన్న గళ్ళు, సన్నని అంచు. అది నోరు తెరిచి ఎప్పుడు అడుగుతుందా అని చూస్తున్నాను.

అడిగింది.

"పిన్నీ, పుట్టబోయేవాళ్ళకి బొంత నువ్వే కుట్టాలి" అంది.

కప్పు నిండి, సాసరు నిండి, టీ బల్ల మీదికి పారింది.

"అదేంటే" అంది చిన్నది, నా మొహం చూసి. "మీ అమ్మ ఉండగా నేనేంటి? మీ అమ్మ కుట్టు ముందు నేనెంత?"

"అమ్మ బాగా కుడుతుంది పిన్నీ, నేను కాదనను. కానీ అమ్మ కుట్టింది బీరువాలో పెట్టుకోవాలి. దాని మీద బిడ్డ పాలు కక్కిందనుకో, అమ్మ మొహం ఎలా ఉంటుందో నాకు ఇప్పుడే కనపడుతోంది."

అందరూ నవ్వారు. మా ఆయన కూడా. నేనూ నవ్వాను, పళ్ళు కనపడేలా. వంటింట్లోకెళ్ళి బల్ల తుడిచే గుడ్డ వెతుకుతున్నట్టు చాలాసేపు నిలబడ్డాను. చిన్నది వీధి వాళ్ళని తీసుకుంది, ఊరుకున్నాను. అత్తగారిని తీసుకుంది, ఊరుకున్నాను. నా కడుపున పుట్టిన పిల్ల, నా ముందు కూర్చుని, నా మనవడికో మనవరాలికో బొంత కుట్టమని దాన్ని అడుగుతుందా! నాకు ఏడుపొచ్చింది. ఇది కుళ్ళు అంటే కుళ్ళే. కడుపుకోత అన్నా నాకు అభ్యంతరం లేదు.

మర్నాడే బజారుకెళ్ళాను. మెత్తని నూలుగుడ్డ తెచ్చాను. పైన అది కుట్టుకోనీ, కింద నేనూ కుడతాను. రెండూ పక్కపక్కన పెడతాను. కళ్ళున్నవాళ్ళు చూసి తీసుకుంటారు. తలుపు గడియ పెట్టుకుని మొదలుపెట్టాను. అన్నం వండటం, అత్తగారికి మందులివ్వడం, బొంత. మూడే పనులు. పైన నవ్వులు వినపడినప్పుడల్లా నా సూది వేగంగా నడిచేది. చూస్తుండగానే మూడు పొరలూ కలిపి కుట్టడం అయిపోయింది. అంతా పరిచి చూసుకున్నాను. అటువంటి బొంత నేను అంతకుముందు కుట్టలేదు.

ఇక చుట్టూ అంచులు సమంగా కత్తిరించి, వాటిని మూసేలా గుడ్డ పట్టీ వేయడమే మిగిలింది. కత్తెర తీసుకున్నాను. అప్పుడే పైనుంచి మా అమ్మాయి గొంతు! శనివారమే వచ్చేసింది, వచ్చి ముందు నా దగ్గరికి రాకుండా పైకెళ్ళింది! "అబ్బ, ఎంత ముద్దుగా ఉంది పిన్నీ!" అంటోంది. నా చెవులు పైన, చేతులు కింద. కత్తెర కరకరా నడుస్తోంది. ఒక చోట కొంచెం గట్టిగా తగిలింది. గట్టిగా నొక్కాను.

బొంత ఎత్తి చూసుకున్నాను. కింద ఒక మూల మడత పడి కత్తెర కిందికి వచ్చింది. నేను అంచు అనుకుని ఆ మడతను కూడా కోసేశాను. మూల పక్కగా, నోరు తెరిచినట్టు ఇంత రంధ్రం. లోపలి దూది బయటికి చూస్తోంది.

బొంతలు కుట్టేవాళ్ళకి ఇంతకంటే పెద్ద తప్పు లేదు. కుట్టు వంకరపోతే ఊడదీస్తాం. కోసిన గుడ్డను ఎవరు అతికిస్తారు? మా అమ్మాయి కిందికి దిగే చప్పుడు విని, బొంతను చుట్టి మంచం కిందికి తోసేశాను. అది వచ్చి, "ఏంటమ్మా అలా ఉన్నావు?" అంది. "తలనొప్పి" అన్నాను. "రేపు భోజనానికి ఉంటాను, బొంత తీసుకుని వెళ్తాను. పిన్నిది పూర్తయిపోయింది" అని, గదిలోకెళ్ళి పడుకుంది.

కాసేపటికి చిన్నది తలుపు తోసుకుని వచ్చింది. "అక్కా, తెల్లదారం ఉంటే..." అంటూ ఆగిపోయింది. నేల మీద దూది పింజలు. నా జుట్టులో దూది. మంచం కింద నుంచి లేతాకుపచ్చ గుడ్డ మూల. అది వంగి లాగింది. నేను ఇంకో పక్క పట్టుకుని లాగాను. బొంత మా ఇద్దరి మధ్య సాగి, రంధ్రం ఇంకా పెద్దగా నోరు తెరిచింది.

అది రంధ్రాన్ని చూసింది. నన్ను చూసింది.

"నోరు విప్పావంటే చూడు" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"దారం తరవాత తీసుకుంటాలే" అని వెళ్ళిపోయింది.

నాకు తెలుసు దాని సంగతి. మెట్లెక్కేదాకా ఆగుతుంది, అంతే. నేను తలుపు వెనక నిలబడి వింటున్నాను. ఇన్నేళ్ళు వాళ్ళ చేత వరసలు ఊడదీయించిన స్కేలక్క సొంత మనవడి బొంతను కోసేసుకుందని వీధంతా వస్తుంది. టీచరమ్మ ముందు వరసలో ఉంటుంది. మా అమ్మాయి నిద్రలేచి వస్తుంది. నేను దేవుణ్ణి పెద్దగా ఇబ్బంది పెట్టే మనిషిని కాదు. ఆ కాసేపు మాత్రం పెట్టాను.

"అక్కా! తప్పు పడింది! చూద్దువుగాని రా!"

అయిపోయింది అనుకున్నాను. వాకిట్లో చెప్పుల చప్పుడు మొదలైంది. పోస్టుమాస్టరుగారి చేతికర్ర, టీచరమ్మ మాట, ఎవరెవరో. అందరూ నా తలుపు దాటి మెట్లెక్కుతున్నారు. మా అత్తగారు, "పద పెద్దదానా, ఏం చేసిందో చూద్దాం" అని నా రెక్క పట్టుకున్నారు. తప్పించుకునే దారి లేక నేనూ ఎక్కాను.

పైన హాలు మధ్యలో చిన్నది నిలబడి ఉంది. రెండు చేతులతో బొంత పట్టుకుని. నాది కాదు. తనది. పసుపు, తెలుపు గళ్ళది. మూల పక్కగా, సరిగ్గా నా బొంతకు ఎక్కడ పడిందో అక్కడే, రంధ్రం.

"చూశారా నా తెలివి! కత్తెర కింద మడత పడింది, చూసుకోలేదు, కోసేశాను!" అంటోంది నవ్వుతూ. "ఎంత అనుభవమున్నవాళ్ళకైనా పడుతుందట ఈ తప్పు. ఇక మీదట కత్తిరించే ముందు కింద చెయ్యి పెట్టి చూసుకోవాలి. టీచరమ్మా, గుర్తుపెట్టుకో."

అందరూ అయ్యో అన్నారు, ముందుకొచ్చి చూశారు, నవ్వారు. నేనూ ముందుకెళ్ళాను. నాకు ఇంకేం రాకపోయినా కోత చూడటం వచ్చు. మడత మీద పొరపాటున పడిన కోత విప్పితే రెండు వైపులా ఒకేలా తెరుచుకుంటుంది, నాదానిలాగ. దానిది తిన్నగా, ఒకే గీతలా ఉంది. పైగా దాని బొంతకు చుట్టూ పట్టీ కుట్టడం ఎప్పుడో అయిపోయింది. పట్టీ వేశాక అంచులు కత్తిరించే పనెక్కడిది? ఆ బొంత దగ్గరికి కత్తెర తేవలసిన అవసరం ఏమిటి?

మెల్లగా మా అత్తగారి చెవిలో, "అత్తయ్యా, ఇది తప్పు కాదు. కావాలని కోసింది" అన్నాను.

"తెలుసులే" అన్నారు ఆవిడ, మొహం తిప్పకుండానే. "ఆ గులాబీ చొక్కాలప్పుడు మెషిన్లో బట్టలన్నీ వేసింది ఎవరనుకున్నావు? నేనే. కళ్ళజోడు లేకుండా. నువ్వు పెరట్లోకి వస్తున్న అడుగుల చప్పుడు విని నేను వణికిపోతుంటే అది కేక పెట్టేసింది."

"అయితే ఆ శాలువా?"

"శాలువా మాత్రం అది నిజంగానే కుట్టేసింది" అన్నారు.

నాకు దాన్ని దగ్గరికి తీసుకోవాలనిపించింది. అంతలోనే ఒళ్ళు మండింది కూడా. దాని బొంత, దాని ఇన్ని రోజుల కష్టం, నా కూతురు ఏరికోరి అడిగిన బొంత, నా మొహం చూసి కోసేసుకుందా! నేనైతే కోసేదాన్నా? కోసేదాన్ని కాదు. అది నాకు బాగా తెలుసు. అందుకే మంట.

జనం వెళ్ళాక అది నా పక్కన కూలబడింది. "అక్కా, నీ చెయ్యి పడితే గానీ ఇది బాగుపడదు. కనపడకుండా మూయడం నీకొచ్చు. నాది నువ్వు మూయి" అంది. తరవాత చాలా మెల్లగా, "నీది ఇటివ్వు. నేను చూస్తాను" అంది.

నేను కిందికెళ్ళి నా బొంత తెచ్చాను. అంత కేకకీ లేవకుండా మా అమ్మాయి కింద నిద్రపోతుంటే, సాయంత్రం దాకా పక్కపక్కన కూర్చుని కుట్టాం. దాని రంధ్రాన్ని నేను ఎవరూ కనిపెట్టలేనట్టు మూశాను. నా రంధ్రం మీద అది ఒక పసుపు ముక్క వేసి, చేప ఆకారంలో కత్తిరించి, చుట్టూ కుట్టింది. "చేపెందుకే?" అన్నాను. "నోరు తెరుచుకుని ఉందిగా" అంది. నాకు నవ్వొచ్చింది. దాని పక్కన కూర్చుని నవ్వడం అంత బాగుంటుందని నాకు తెలియదు. అత్తగారు రోజూ పైకి ఎందుకెళ్తారో అర్థమైంది.

మర్నాడు భోజనాలయ్యాక రెండు బొంతలూ మా అమ్మాయి ముందు పెట్టాం. అది ముందు పిన్నిది చూసింది, బాగుందంది. తరవాత నాది విప్పింది. చేప దగ్గర ఆగింది. చేప కింద వేలు పెట్టి తడిమింది. అట్నుంచి తిప్పి చూసింది.

"అమ్మా, ఇక్కడ కోసుకుపోయిందా?"

నేను వంగి, నేల మీద లేని దారప్పోగు ఏరాను.

"అమ్మా! నువ్వు తప్పు చేశావా?"

దాని మొహం చూడాలి మీరు. చిన్నప్పుడు మొదటిసారి వాన చూసినప్పుడు ఎలా ఉందో అలా ఉంది. బొంతను గుండెలకు హత్తుకుంది. "నాకు ఇదే కావాలి. బిడ్డకి ఇదే. దీని మీద పాలు కక్కినా, పాకినా, ఏం చేసినా భయం లేదు. అమ్మ బొంత!"

అప్పుడు నాకు ఎలా ఉందో చెప్పలేను. ఆ కాసేపు ఈ లోకంలో నాకు ఎవరి మీదా కుళ్ళు లేదు. కాసేపే. ఎందుకంటే ఆ వెంటనే అది చేపను బుగ్గకి ఆనించుకుని, "ఎంత ముద్దుగా ఉందో ఈ అతుకు! మొత్తం బొంతలో నాకు ఇదే నచ్చింది. నువ్వేనా కుట్టింది?" అంది.

లేతాకుపచ్చ గళ్ళు, సన్నని అంచు, స్కేలు పెట్టి కొలిచిన కుట్లు, అవన్నీ పోయాయి. చేప!

నేను నోరు తెరిచేలోగా చిన్నది అందుకుంది. "మరెవరు కుడతారే? మీ అమ్మే. నాకు చేపలూ అవీ ఎక్కడొచ్చు?"

చూశారా? ఊరుకుంటే సరిపోయేది. కూతురు నాదైంది, బొంత నాదైంది, చేప కూడా నాకే వస్తోంది. కానీ నాకు ఎక్కడో చురుక్కుమంది. బొంతలో అది గెలిచింది, నవ్వుల్లో అది గెలిచింది, ఇప్పుడు మంచితనంలో కూడా అదే గెలిచిపోతుందా? నేను చూస్తూ కూర్చుంటానా?

"కాదు!" అన్నాను, వీధి చివరి దాకా వినపడేలా. "ఆ చేప మీ పిన్ని కుట్టింది! నేను నా బొంతను కోసుకుంటే, నా పరువు పోకుండా తన బొంత కూడా కావాలని కోసుకుంది!"

చిన్నది ఎర్రబడిపోయింది. "అబద్ధం! నా చెయ్యి జారింది!"

"జారలేదు! పట్టీ కుట్టేశాక ఎవరైనా కత్తెర పట్టుకుంటారా?"

"నేను పట్టుకుంటాను! నా బొంత, నా కత్తెర, నా ఇష్టం!"

"కోత చూస్తే తెలియదా నాకు? నేర్పింది నేను!"

"నేర్పితే మాత్రం! నా తప్పు నా ఇష్టం వచ్చినట్టు చేసుకోనివ్వవా అక్కా?"

మా అత్తగారు శాలువా నోట్లో కుక్కుకుని నవ్వుతున్నారు. మా అమ్మాయి ఒకసారి నన్ను, ఒకసారి దాన్ని చూసి, రెండు బొంతలూ గబగబా సంచిలో సర్దేసుకుంది, ఎక్కడ లాక్కుంటామో అని. "ఒకటి బిడ్డకి, ఒకటి నాకు. మీరిద్దరూ తేల్చుకుని ఫోన్ చేయండి" అని బస్సుకి వెళ్ళిపోయింది.

చిన్నది నాతో మాట్లాడలేదు. అన్ని తప్పులూ మెట్ల మీంచి చాటుకున్న మనిషి, చేసిన ఒక్క మంచి పని నలుగురిలో బయటపడేసరికి తల ఎత్తుకోలేకపోయింది. ఇన్నేళ్ళలో దానికి కోపం రావడం నేను చూడలేదు. సాయంత్రం అందరికీ టీ తెచ్చింది. అత్తగారికి నిండుగా, మా ఆయనకి నిండుగా. నా కప్పులో మాత్రం సగమే పోసి, ఎదురుగా టక్కున పెట్టి వెళ్ళిపోయింది.

ఆ సగం కప్పు టీ నేను చాలాసేపు తాగాను. అంత బాగున్న టీ ఈ మధ్య తాగలేదు.